పాటు మీద తోడిన నీళ్ళు

మా శివారు చేలో ఉప్పు నేనే పోసుకున్నానని కాగితం మీద రాశారు.

రాసిన మాటలు ఇవి: "రైతు స్వయంగా మురుగు కాలువ నీరు తోడి పెట్టుకున్నందున పైరు ఎండినది, నేల చౌడు బారినది." కింద సంతకం, దాని కింద రబ్బరు ముద్ర. ఎన్నిసార్లు చదివానో నాకే తెలియదు. అందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. అబద్ధమైతే ఇంత మండేది కాదు. అబద్ధాన్ని అబద్ధమని చెప్పి దులుపుకోవచ్చు. ఇది సగం నిజం. తోడింది నేనే. కానీ ఎందుకు తోడానో, పంట కాలువ మా గట్టు దాకా రాక ఎన్నాళ్ళయిందో, పొట్టతో ఉన్న పైరు కళ్ళ ముందు ఎండిపోతుంటే రైతన్నవాడు ఏం చేస్తాడో చెప్పడానికి ఆ వాక్యంలో చోటు లేదు.

పోనీ ఆ వాక్యం ఫైల్లో పడి ఉంటే సరే అనుకునేవాణ్ణి. అలా ఉండలేదు. దాన్ని చూసి మా చేనును సాగు లేని చేలలో కలిపారు. సాగు లేదు కాబట్టి నీటి వంతు లేదన్నారు. వంతు లేదు కాబట్టి మా చివరి పిల్లకాలువలో పూడిక తీసే దిక్కు లేకుండా పోయింది. నేను పరిహారం అడగలేదు. ఉప్పెక్కిన నేలకు మందు ఒకటే ఉంది. దాని మీద మంచినీళ్ళు నిలబెట్టి, దమ్ము చేసి, ఆ నీళ్ళను మురుగులోకి వదిలెయ్యాలి. మళ్ళీ నిలబెట్టాలి, మళ్ళీ వదలాలి, గిన్నె తొలిపినట్టు. దానికోసం మూడు రోజుల మంచినీళ్ళు అడిగాను. రెండేళ్ళపాటు అడిగాను.

నేను బడికి పోయినవాణ్ణి కాను. అంకెలు నాకు లాకుల గోడ నేర్పింది. గోడ మీద తెల్లరంగు పూసి, నీటి మట్టం తెలియడానికి నల్లగా అంకెలు వేసి ఉండేవి. గేదెల్ని కాలువలో దింపి నేను ఆ గోడకెదురుగా కూర్చునేవాణ్ణి. పొద్దున నీళ్ళు నాలుగు దగ్గర ఉంటే సాయంత్రానికి నాలుగు మునిగేది, ఐదు తడిసేది. ఏ అంకె మునిగితే మా చేనుకు నీళ్ళు ఎక్కుతాయో నాకు ముందు తెలిసింది, ఆ అంకెను ఏమంటారో తర్వాత తెలిసింది. అక్షరాలు ఎరువుల బస్తాల మీద, బస్సుల బోర్డుల మీద కూడబలుక్కున్నాను. ఆ మీదట దొరికిన కాగితమల్లా చదివాను. ఇప్పటికీ బజ్జీలు చుట్టిచ్చిన పేపరు నూనె అంటిన చోట కూడా చదవనిదే పారెయ్యను. అందుకే ఆ వాక్యం నన్ను అంత గుచ్చింది. చదువు రానివాడైతే ముద్ర చూసి దణ్ణం పెట్టి పోయేవాడు.

మా చేను ఎకరంన్నర. పంట కాలువ మా గట్టు దగ్గర అయిపోతుంది. మా వెనక మురుగు కాలువ, దాని వెంట పోతే ఉప్పుగాలి, ఆ తర్వాత సముద్రం. విజయవాడ బ్యారేజీ దగ్గర వదిలిన నీళ్ళు ఎందరి చేలు తడిపి, ఎన్ని తూములు దాటి మాకు చేరాలో చెప్పలేను. వచ్చేటప్పుడు ఆ నీళ్ళ ముందంచు మీద ఎండుటాకులు, నురగ, వాడిన పూలదండలు, ఒక్కోసారి ఒంటి చెప్పు వచ్చేవి. విజయవాడ వాళ్ళ ఇళ్ళల్లో ఆ వారం ఏం జరిగిందో కాలువలో చూసి చెప్పొచ్చని మా ఆవిడ అనేది. పెళ్ళిళ్ళ రోజుల్లో బంతిపూలు ఎక్కువ వచ్చేవి.

ఆ మొదటి నీళ్ళు చేలో దిగడం చూడాలి. వేసవికి నల్లరేగడి నెర్రెలిచ్చి ఉండేది. నీళ్ళు పైన పారేవి కావు, నెర్రెల్లోకి దూకేవి. నేల బుసబుసమని బుడగలు వదిలేది. ఎండ్రకాయలు గట్టు బొరియల్లోంచి బయటికొచ్చి, ఎవరో తలుపు కొట్టినట్టు ఇటూ అటూ చూసేవి. కొంగలకు ఎవరు కబురు పెట్టేవారో, గంటలో దిగేవి. ఆ వాసనకు పేరు లేదు. నేను చదివిన కాగితాల్లో ఎక్కడా దొరకలేదు. పైరు కోతకొచ్చేముందు ఆ తడిలోనే, నిలబడ్డ వరిలోనే మినుములు చల్లేవాళ్ళం. దుక్కి లేదు, నీళ్ళు పెట్టేది లేదు. నేలలో దాగిన తేమ, రాత్రి కురిసిన మంచు, ఆ రెండిటితోనే కాయ కాసేది. మొక్క పీకితే వేళ్ళకు బుడిపెలు ఉండేవి, మట్టి పెళ్ళలో ఎర్రలు మెలికలు తిరిగేవి. మంచి నేల అంటే చేతిలో బరువుగా ఉండి వేళ్ళ మధ్య విడిపోవాలి. మాది అలా విడిపోయేది.

కరువు మా దగ్గరికి ఎండిన ఆకాశంలా రాలేదు. మబ్బులు కనబడుతూనే ఉన్నాయి, మీద నుంచి పోతూనే ఉన్నాయి. ఎక్కడో ఎగువన వానలు పడలేదు, జలాశయాలు నిండలేదు. కాలువ ఆలస్యంగా వదిలారు. ఊడ్పులు ఆలస్యమయ్యాయి. పైరు పొట్టకొచ్చేసరికి వంతుల వారీ అన్నారు. మా వంతు మొదటిసారి రాలేదు, రెండోసారి రాలేదు, మూడోసారీ రాలేదు. లాకుల దగ్గర కాలువ చూసే లస్కరు మంచివాడు, నా కంటే పదేళ్ళు చిన్న. అతన్ని అడిగాను.

"మీ వంతు బుధవారమని రాసుంది పెద్దాయనా," అన్నాడు.

"రాసుంటే రావాలిగా?"

"నీళ్ళకి చదువు రాదుగా. పైన ఒక్కో తూము దగ్గర పదిమంది కూర్చున్నారు. వాళ్ళని దాటుకుని మీదాకా ఎట్టా వస్తయ్యి?"

వాళ్ళను కూడా నేను తిట్టలేను. వాళ్ళ పైరూ పొట్టతోనే ఉంది.

అప్పుడు మా నాన్న నేర్పిన లెక్క గుర్తొచ్చింది. సముద్రం పోటెత్తితే ఉప్పునీళ్ళు మురుగు కాలువలోకి ఎగబాకుతాయి. పాటు తీసినప్పుడు వెనక్కి పోతాయి. ఆ పాటు సమయంలో ఎగువ చేలల్లోంచి దిగిన మంచినీళ్ళు తేలిగ్గా పైన తేలి ఉంటాయి. గొట్టం మూతికి ఖాళీ డబ్బా కట్టి, అడుగుకు మునగకుండా వేలాడదీసి, పైనీళ్ళు మాత్రం తోడుకోవాలి. మా నాన్న అలా రెండు మూడు ఏళ్ళు పైరు దక్కించుకోవడం నేను చూశాను. మా శివారు వాళ్ళందరికీ ఈ లెక్క తెలుసు. పోటూ పాటూ చూసుకుని ఇంజను వేసేవాణ్ణి తెలివైనవాడంటారు.

నేను ఇంజను వేశాను. మొదటిరోజు నీళ్ళు దోసిట్లో పట్టి నోట్లో పోసుకున్నాను కూడా. కాస్త చప్పగా, కాస్త ఉప్పగా అనిపించింది. ఫరవాలేదనుకున్నాను. నాలుగోరోజు మా ఆవిడ అన్నం తెచ్చి, గొట్టం దగ్గర చెయ్యి కడుక్కుని, ఆ నీళ్ళు పుక్కిలించి ఉమ్మేసింది.

"ఏవండీ, నోట్లో నిలవని నీళ్ళు పొట్టతో ఉన్న పైరుకి తాగిస్తున్నారా?"

"పాటు మీద తోడుతున్నానే. పైనీళ్ళే. మా నాన్న తోడలా?"

"మావయ్యగారు తోడినప్పుడు పైవాళ్ళ చేలు నిండి, ఆ నీళ్ళు మురుగులోకి దిగేయి. ఇప్పుడు పైవాళ్ళ చేలల్లోనే లేకపోతే దిగటానికి ఏముందని? పాటైనా పోటైనా అది సముద్రమేగా."

"నువ్వు అన్నం పెట్టు ముందు."

అన్నం పెట్టింది. ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. ఎత్తి ఉంటే బావుండేదని ఇప్పుడు అంటే, "ఎత్తితే వినేవాళ్ళేనా?" అంటుంది.

తమాషా ఏమిటంటే మొదటి వారం పైరు తేరుకుంది. వాడిన ఆకు విచ్చుకుంది. నేను గట్టు మీద నిలబడి మా ఆవిణ్ణి పిలిచి చూపించాను. ఆమె చూసి, "ఊఁ" అంది. పదో రోజున పంపు బిగుసుకుపోయింది. ఆటోలో వేసుకుని విజయవాడ ఆటోనగర్‌కు తీసుకుపోయాను. నా ఇంజను ఎప్పుడూ ఒక్కడే విప్పుతాడు, తండ్రి దగ్గర పని నేర్చుకున్న సాయిబు. ఆ తండ్రి దగ్గరికీ నేను పోయేవాణ్ణి. పంపు మూత విప్పి లోపల వేలు పెట్టి రాశాడు. వేలికి తెల్లగా పొడి అంటింది.

"ఏం నీళ్ళు తోడారు బాబాయ్?"

"మురుగు నీళ్ళు. పాటు మీద."

"రొయ్యల చెరువుల వాళ్ళ పంపులు ఇట్టా వస్తయ్. వాళ్ళకి ఉప్పునీళ్ళే కావాలి. మీరేం పెంచుతున్నారు?"

"వరి."

అతను స్క్రూడ్రైవరుతో ఆ పొక్కు గీకి కాగితం మీద రాల్చాడు. "ఇంటికి తీసుకెళ్ళండి, చారులోకి సరిపోద్ది," అని నవ్వబోయి, నా ముఖం చూసి ఆగిపోయాడు. చేతులు తుడుచుకుని టీ తెప్పించాడు. టీ తాగేంతసేపూ ఆ కాగితం మా ఇద్దరి మధ్య బల్ల మీద ఉంది. చిటికెడుంటుంది, అంతే. ఇనుప పంపులో అంత మిగిలితే పది రోజులు నీళ్ళు తాగిన ఎకరంన్నరలో ఎంత మిగిలి ఉంటుందో లెక్క వెయ్యడానికి లాకుల గోడ నేర్పిన అంకెలు చాలు. అంత చిన్న లెక్క ముందే ఎందుకు వెయ్యలేదని అడిగితే, మా నాన్న లెక్క మీద నా లెక్క వెయ్యడం నాకు తోచలేదు. ఆయన లెక్క తప్పు కాదు. అది నీళ్ళున్న ఏళ్ళ లెక్క. కరువు ఏటికి అది పనికిరాదని ఆయనకు చెప్పే అవసరం రాలేదు, నాకు చెప్పడానికి ఆయన లేడు.

పంపు బాగై ఇంటికి చేరేసరికి ఆకుల కొసలు ఎర్రబారాయి. తర్వాత వెన్నులు బయటికొచ్చాయి, నిటారుగా. గింజ పట్టిన వెన్ను వంగాలి. ఇవి వంగలేదు. అన్నీ తాలే. నీళ్ళు ఆరిన చోట నెర్రెల అంచుల వెంట సున్నం గీత గీసినట్టు ఉప్పు పైకొచ్చింది. ఆ ఏడు మినుములు చల్లలేదు. మరుసటి ఏడు కాసిని వానలు పడ్డాయి కదా అని జీలుగ చల్లాను, పచ్చిరొట్టగా దున్నేద్దామని. అక్కడక్కడా మొలిచి పసుపెక్కి పోయింది. వాన కడిగినంత కడిగింది. ఎండ తగలగానే కింది నుంచి మళ్ళీ పైకొచ్చింది. పారతో తవ్వితే మట్టి పలకలు పలకలుగా లేచింది. ఎర్ర ఒక్కటి కనబడలేదు. చేతిలో పట్టి నలిపితే విడిపోలేదు.

అంతకుముందు, పైరు తాలైపోయిన ఏడే, పంట నష్టం రాసుకోవడానికి ఒక కుర్ర ఉద్యోగి వచ్చాడు. ఫోనుతో నాలుగు ఫొటోలు తీసుకున్నాడు.

"ఏం నీళ్ళు పెట్టారండీ?"

పాటు మీద మురుగు నీళ్ళు తోడానని చెప్పాను. కాలువ రాలేదని, మూడు వంతులూ పోయాయని, లస్కర్ను అడగమని కూడా చెప్పాను. మొదటిది రాసుకున్నాడు. మిగిలిన వాటికి తల ఊపాడు. తల ఊపింది కాగితం మీదికి ఎక్కదని నాకు అప్పుడు తట్టలేదు.

ఆ మీదట నా అర్జీలు మొదలయ్యాయి. ఆఫీసు విజయవాడలో. మా అమ్మాయి ఇల్లు భవానీపురంలో. ఊరి నుంచి వచ్చి బెంజ్ సర్కిల్ దగ్గర దిగి, సిటీ బస్సెక్కి అక్కడికి చేరేవాణ్ణి. తెల్లవారి వాళ్ళ మేడ మీద నిలబడితే కృష్ణ కనబడేది, బ్యారేజీకి ఎగువన నిలబడ్డ నీళ్ళు. ఆ నీళ్ళను చూస్తూ నేను చేసిన పని చెబితే నవ్వుతారు. ఇందులో మా చేనుది ఎంత అని చూసేవాణ్ణి. ఇదిగో ఈ రేవు దగ్గర ఉన్న కాసినీ చాలు, మూడు రోజులు నిలబెట్టుకుంటాను, ఉప్పు దించుకుని మీ నీళ్ళు మీకు వదిలేస్తాను అని మనసులో బేరమాడేవాణ్ణి. మా అమ్మాయి కాఫీ తెచ్చి, "నాన్నా, రోజూ అదే నది కదా, ఏం చూస్తావు?" అనేది. రోజూ అదే కాదని ఆ పిల్లకు ఎలా చెప్పను? విజయవాడ మధ్యలోంచి కాలువ నిండుగా పోతుంటే వంతెన మీద ఆగి, ఆ నీళ్ళ మీద తేలిపోతున్న బంతిపూలు చూసేవాణ్ణి. ఇవి మా దాకా రావు, దారిలోనే ఎక్కడో ఆగిపోతాయని తెలుసు. తెలిసీ కాసేపు వాటి వెంట నడిచేవాణ్ణి.

ఆఫీసులో ఒక ఇంజనీరమ్మ ఉండేది, మా అమ్మాయికంటే చిన్నది. మూడో అర్జీకి నన్ను కూర్చోమంది.

"పైరు లేని చేనుకి నీళ్ళు ఎలా ఇస్తామండీ?"

"నీళ్ళు లేని చేలో పైరు ఎలా పెడతానమ్మా?"

"అదికాదండీ. మా రిజిస్టర్లో పైరు పేరు రాసే గడి ఖాళీగా ఉంటే నీళ్ళు రాయటానికి కుదరదు."

"ఉప్పు అని రాయమ్మా. ఇప్పుడు మా చేలో పండేది అదే."

ఆమె నవ్వాపుకోవడానికి కాగితాలు సర్దింది. "ఇదంతా వివరంగా రాసివ్వండి," అంది.

"ఆరు పేజీలు రాసిచ్చానుగా."

"చదివానండీ. నాలుగున్నర పేజీలు మా ఆఫీసుని తిట్టారు. మీకేం కావాలో వెతుక్కోవాల్సొచ్చింది."

నాకు కోపం వచ్చింది. లేచి వచ్చేశాను. బస్సులో దారంతా ఆమెకు ఇవ్వవలసిన జవాబులు తయారుచేసుకున్నాను, చాలా బాగా కుదిరాయి. ఇంటికొచ్చి మా ఆవిడకు వినిపించాను. ఆమె వాకిట్లో పీట వేసుకుని చింతపండు గింజలు తీస్తోంది. చెయ్యి ఆపకుండానే అడిగింది:

"ఆ ఆరు పేజీల్లో మీరు తోడానని రాశారా?"

"అది వాళ్ళే రాశారుగా."

"వాళ్ళు రాశారు. మీరు రాశారా అంటున్నాను."

లేదు. ఆరు పేజీలూ తిరగేశాను. కాలువ రాకపోవడం ఉంది, ఎగువ తూములున్నాయి, లాకుల గోడ అంకెలు కూడా ఉన్నాయి. నేను ఇంజను వేసిన సంగతి ఒక్క చోటా లేదు. వాళ్ళు సగం నిజం రాశారని రెండేళ్ళు రగిలిపోయాను. నేను రాసింది మిగిలిన సగమే. రెండు సగాలూ ఎప్పుడూ ఒకే కాగితం మీద కలవలేదు. ఇది ఒప్పుకోవడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ పిల్లకాలువలో దిగి గుర్రపుడెక్క పీకాను.

చివరి అర్జీ ఒక్క పేజీ. అందులో ఇలా రాశాను: "మురుగు నీళ్ళు తోడింది నేనే. మా నాన్న నేర్పిన లెక్క నీళ్ళున్న ఏళ్ళది, కరువు ఏటికి సరిపోదని నాకు తెలియలేదు. మా ఆవిడ చెప్పింది, వినలేదు. ఆ ఏడు మా మూడు వంతుల్లో ఒక్కటి కూడా మా గట్టు దాకా రాలేదు, మీ పుస్తకంలో చూసుకోవచ్చు. ఇవి రెండూ కలిపితేనే మా చేలో ఉప్పు. కడగడానికి మూడు రోజుల మంచినీళ్ళు ఇవ్వండి. మినుము మళ్ళీ చల్లాలని ఉంది." చివరి వాక్యం అర్జీలో ఉండకూడదేమో. కొట్టేద్దామనుకున్నాను. మా ఆవిడ ఉండనీయమంది.

వేసవి గడిచింది. పొద్దున్నే చేను గట్టు మీదికి పోయి పిడికెడు మట్టి తీసి నాలుక మీద పెట్టుకోవడం అలవాటయింది. ఏ రోజుకా రోజు తగ్గిందేమోనని చూసేవాణ్ణి. తగ్గలేదు. పక్క చేలవాళ్ళు రొయ్యల చెరువు తవ్వుకోమన్నారు, ఉప్పు కలిసొస్తుందన్నారు. తవ్వితే ఇక అది నేల కాదు, గొయ్యి. నేను పోయాక ఎవరేం చేసుకుంటారో వాళ్ళిష్టం. నేనుండగా ఆ మట్టి ఒక్కసారి చేతిలో విడిపోతే చూడాలి.

పోస్టుమ్యాను కవరు ఇచ్చి సంతకం పెట్టించుకున్నాడు. నేను వాకిట్లో నిలబడే చింపాను. మా ఆవిడ లోపల్నుంచి, "ఏమన్నారు?" అని అడిగింది. "ఉండు, పూర్తిగా చదవనీ," అన్నాను. తర్వాత గొంతెత్తి ఆమెకు చదివి వినిపించాను. కింద ఆ ఇంజనీరమ్మ సంతకం ఉంది. ఇదీ అందులో ఉన్నది:

"తమరి అర్జీ అందినది. పుస్తకం చూసితిమి, మూడు వంతులు తమరి గట్టుకు చేరలేదన్నది నిజమే. ఈ సీజనులో వీలుపడదు. వచ్చే సార్వా పంటకు కాలువ వదిలిన తరువాత, ఎగువన ఊడ్పులు మొదలుకాక ముందు, తమరి శివారుకు మూడు రోజులు నీరు ఇచ్చుటకు అనుమతించడమైనది. పైరు గడిలో 'నేల కడుగుటకు' అని రాయించాను. ఎగువన నీరు ఉంటేనే ఇది జరుగుతుంది, ఆ మాట ముందే చెప్పాలి. పిల్లకాలువ శుభ్రంగా ఉంచుకోగలరు. కడిగిన నీటిని పాటు మీద మురుగులోకి వదలండి, పోటు రాకముందే తూము మూయండి. ఆ లెక్క మా కంటే తమరికే బాగా తెలుసు. పాత కాగితంలోని వాక్యం మార్చే అధికారం నాకు లేదు. దాని కింద తమరి అర్జీ జతచేయించాను. ఇకమీదట ఆ ఫైలు తీసినవారు రెండూ చదవవలసి ఉంటుంది."